అఫోన్సో ద అల్బుకర్క్ నాసిరకం ఓడా? 1930ల నాటి ఒక పోర్చుగీస్ స్లూప్ డిజైన్ గురించి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1961 డిసెంబర్ 18న గోవాలో మన నేవీ ఫ్రిగేట్లు బేత్వా, బియాస్‌లతో తలపడి, సుమారు గంటలోనే ఒడ్డుకెక్కిన పోర్చుగీస్ యుద్ధనౌక అఫోన్సో ద అల్బుకర్క్ మొదటినుంచీ నాసిరకం డిజైనా? సముద్రాల మీద అంత చరిత్ర ఉన్న పోర్చుగల్ దాన్ని ఇంగ్లండ్‌లో ఎందుకు కట్టించుకుంది? కనీసం తర్వాతైనా కొత్త ఫిరంగులు బిగించుకోవచ్చు కదా?

విశాఖపట్నంలో ఓడల డిజైన్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పాత ఓడల డ్రాయింగులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. ఆ అనుభవంతో మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను: అది నాసిరకం డిజైన్ కాదు. తనకు అప్పగించిన పనికి చాలా బాగా సరిపోయిన ఓడ. అయితే ఆ పనిలో ఆధునిక ఫ్రిగేట్లతో యుద్ధం అనేది లేదు.

ఆ పని ఏమిటో ముందు చూద్దాం. 1930 నాటికి పోర్చుగల్ చేతిలో ఉన్న నేవీ చిన్నది, ముసలిది. కానీ చూసుకోవాల్సిన భూభాగాలు మాత్రం కేప్ వెర్డె, గినియా, అంగోలా, మొజాంబిక్, గోవా, మకావ్, తిమోర్ వరకు పరుచుకుని ఉన్నాయి. వలస ప్రాంతాల్లో తిరగడానికి వాళ్ల దగ్గర ఉన్న చెప్పుకోదగ్గ ఓడలు రెపుబ్లికా, కర్వాల్యో అరౌజో. ఆ రెండూ మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్ నుంచి కొన్న పాత స్లూపులు, అంటే గస్తీకి వాడే చిన్న యుద్ధనౌకలు. 1922లో గాగో కౌతీన్యో, సకదూర కబ్రాల్ దక్షిణ అట్లాంటిక్ మీదుగా విమానంలో బ్రెజిల్ వెళ్లినప్పుడు వాళ్లకు తోడుగా సముద్రంలో ఉన్నది ఆ రెపుబ్లికానే. మంచి సేవ చేశాయి గానీ, ఒక దేశం వాటితోనే ఎంతకాలం నెట్టుకొస్తుంది?

1930లో నౌకాదళ మంత్రి మగల్యాయిష్ కొర్రేయ ఒక పెద్ద నిర్మాణ పథకం తెచ్చాడు. డిస్ట్రాయర్లు, సబ్‌మెరైన్లు, రెండు తరగతుల స్లూపులు, నీటి మీద దిగే విమానాల్ని మోసే ఒక సీప్లేన్ క్యారియర్ అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో ఖజానా తాళాలు 1928 నుంచి ఆర్థికమంత్రిగా ఉన్న సలజార్ చేతిలో ఉండేవి. లోటు బడ్జెట్ అంటే ఆయనకు పడదు. కాబట్టి పథకం కాగితం మీద ఉన్నట్టు జరగలేదు. ఇటలీలో ఆర్డరిచ్చిన క్యారియర్ రద్దయింది. అక్కడే మొదలైన రెండు సబ్‌మెరైన్లు చివరికి గ్లౌకో, ఒటారియా అనే పేర్లతో ఇటలీ నేవీలోకే వెళ్లాయి. కోతలన్నీ పోగా నిలిచిన వాటిలో పెద్ద స్లూపులు రెండు: అఫోన్సో ద అల్బుకర్క్, దాని జంట ఓడ బర్తోలొమేవ్ దియాష్.

ఇలాంటి ఓడ ఏం చేయాలి? లిస్బన్ నుంచి బయల్దేరి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాలి. దారిలో బొగ్గో నూనో దొరుకుతుందన్న హామీ లేకుండా ప్రయాణించాలి. లోతు తక్కువ ఉన్న నదీముఖాల్లోకి, పూడిక పట్టిన మకావ్ లాంటి రేవుల్లోకి వెళ్లగలగాలి. అవసరమైతే సైనికుల్ని మోయాలి, ఒడ్డున అల్లరి జరిగితే నావికుల్ని దించాలి, గవర్నర్‌ని హోదాగా తీసుకెళ్లాలి. ఉష్ణమండలపు ఎండలో లోపల మనుషులు ఉడికిపోకూడదు. దీనికి తోడు నాలుగు ఫిరంగులుండి, చూడగానే ఇది యుద్ధనౌక అనిపించాలి. ఇవన్నీ తక్కువ ఖర్చులో కావాలి.

ఇక్కడ డిజైన్ వైపు నుంచి నాకు చాలా ఆసక్తిగా అనిపించే విషయం ఒకటుంది. 1930 లండన్ నౌకా ఒప్పందంలో చిన్న ఓడలకు ఒక మినహాయింపు ఇచ్చారు. స్టాండర్డ్ బరువు (ఇంధనం కలపని బరువు) 2,000 టన్నులు దాటకూడదు. 155 మి.మీ. కంటే పెద్ద ఫిరంగి ఉండకూడదు. 76 మి.మీ. కంటే పెద్దవి నాలుగుకు మించకూడదు. టార్పెడోలు ఉండకూడదు. వేగం 20 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కి.మీ.) దాటకూడదు. ఈ గీతల్లోపల ఉంటే అలాంటి ఓడలు ఎన్నయినా కట్టుకోవచ్చు. ఫ్రాన్స్ తన బుగెన్‌విల్ తరగతి కలోనియల్ స్లూపుల్ని 1,969 టన్నుల దగ్గర ఆపింది అందుకే.

ఇప్పుడు అల్బుకర్క్ అంకెలు చూడండి. స్టాండర్డ్ బరువు సుమారు 1,780 టన్నులు. 120 మి.మీ. ఫిరంగులు సరిగ్గా నాలుగు. వాటికి తోడు విమానాల మీద కాల్చడానికి రెండు ఫిరంగులు, అవి సరిగ్గా 76 మి.మీ. టార్పెడో గొట్టాలు లేవు. ఒక్క వేగం మాత్రం 21 నాట్లు. పోర్చుగల్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆ ఒక్క నాట్ ఎక్కువైనా ఎవరూ అడగరు. ఇంత దగ్గరగా సరిపోవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. అప్పటి బ్రిటిష్ యార్డుల డ్రాయింగ్ బల్లల మీద ఈ పరిమితులు ఎప్పుడూ కళ్లెదుటే ఉండేవి.

హల్, అంటే ఓడ ఒడలి ఆకారం చూస్తే డిజైనర్ ఉద్దేశం ఇంకా బాగా అర్థమవుతుంది. అదే పథకంలో యారో కంపెనీ డిజైన్‌తో వచ్చిన వోగ తరగతి డిస్ట్రాయర్ పొడవు 98 మీటర్లు, వెడల్పు తొమ్మిదిన్నర మీటర్లు. అల్బుకర్క్ పొడవు 103 మీటర్లు, వెడల్పు పదమూడున్నర. పొడవు దాదాపు ఒకటే, వెడల్పు మాత్రం నాలుగు మీటర్లు ఎక్కువ. డిస్ట్రాయర్ ఇంజిన్లు 33,000 హార్స్‌పవర్ ఇచ్చి 36 నాట్ల వేగం తెస్తే, స్లూప్ ఇంజిన్లు 8,000 హార్స్‌పవర్ ఇచ్చి 21 దగ్గర ఆగాయి. ఒకటి పందెం ఎద్దుల జత, ఇంకొకటి బండెడు ధాన్యంతో ఊళ్లు దాటే జత. రెండింటిలోనూ ప్రధాన ఫిరంగులు నాలుగేసి 120 మి.మీ.వే. కొత్త నేవీ మొత్తానికి ఒకే సైజు గుండు ఉంటే నిల్వ, శిక్షణ, విడిభాగాలు అన్నీ తేలికవుతాయి. డబ్బు తక్కువున్న నేవీకి అది చాలా తెలివైన నిర్ణయం.

వెడల్పు పెరిగితే ఓడ నిలకడ పెరుగుతుంది. దూరప్రయాణం చేసే ఓడకు ఇది ప్రాణావసరం. ఇంధన నూనె అడుగు ట్యాంకుల్లో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది ఖాళీ అవుతుంటే కింది బరువు తగ్గి, పైన ఫిరంగులు, బ్రిడ్జి, మాస్టుల బరువు అలాగే ఉండిపోతుంది. సన్నటి హల్ అయితే ప్రయాణం చివర్లో తూఫాను వస్తే టెన్షనే. వెడల్పాటి హల్ దాన్ని తట్టుకుంటుంది. పైగా ఆ వెడల్పు వల్లే డ్రాఫ్ట్ (నీటిలో మునిగి ఉండే లోతు) 3.8 మీటర్ల దగ్గర ఉంచగలిగారు, లోపల మనుషులకు, సరుకులకు చోటూ దొరికింది.

వేగం విషయంలో వాళ్లు ఎంత మూల్యం చెల్లించారో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. అల్బుకర్క్‌ను కట్టింది టైన్ నది ఒడ్డున హెబ్బర్న్‌లో ఉన్న హాథార్న్ లెస్లీ యార్డ్. 1934 మే 28న దాన్ని నీళ్లలోకి వదిలారు. అదే ఏడాది ఆగస్టులో అదే యార్డ్ నుంచి ఇంకో స్లూప్ జలప్రవేశం చేసింది. దాని పేరు ఇండస్, రాయల్ ఇండియన్ నేవీ కోసం కట్టినది. బరువు 1,190 టన్నులు, 2,000 హార్స్‌పవర్, పదహారున్నర నాట్లు, రెండు 120 మి.మీ. ఫిరంగులు. 1942 ఏప్రిల్‌లో బర్మా తీరంలో అక్యాబ్ దగ్గర జపాన్ విమానాల దాడిలో మునిగిపోయింది. మన నౌకాదళ చరిత్రలో అంతగా చెప్పుకోని ఓడ అది, చెప్పుకోవాల్సిన ఓడ.

ఇండస్ కంటే అల్బుకర్క్‌కి వేగం నాలుగున్నర నాట్లే ఎక్కువ. ఇంజిన్ శక్తి మాత్రం నాలుగు రెట్లు. ఓడ పెద్దది కావడం ఒక కారణం. రెండో కారణం నీటి స్వభావం. మామూలు వేగాల్లోనే కావాల్సిన శక్తి వేగం ఘనం చొప్పున పెరుగుతుంది. ఆపైన ఓడ తాను లేపే అలను తానే ఎక్కాల్సి వస్తుంది కాబట్టి శక్తి అవసరం ఇంకా నిటారుగా పెరుగుతుంది. వంద మీటర్ల హల్‌కి 21 నాట్లు అంటే ఆ నిట్టనిలువు మలుపు మొదలయ్యే చోటు. అక్కడ ఆగడం సరైన లెక్క. ఇంకో రెండు మూడు నాట్ల కోసం పోయి ఉంటే బాయిలర్లు పెరిగి, ఇంధనానికి చోటు పోయేది.

ఇంజిన్ల విషయంలో ఫ్రెంచివాళ్లు డీజిల్ ఎంచుకుని పదిహేనున్నర నాట్లతో సరిపెట్టుకున్నారు. పోర్చుగీస్ ఓడకి రెండు షాఫ్టుల మీద పార్సన్స్ గేర్డ్ టర్బైన్లు, నాలుగు యారో బాయిలర్లు పెట్టారు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు టర్బైన్ ఇంధనం ఎక్కువ తాగుతుంది, అది నిజమే. అయితే నాలుగు బాయిలర్లుంటే కొన్నింటిని ఆర్పేసి మిగతా వాటితో నడుపుకోవచ్చు, దూరదేశంలో ఒకటి పాడైనా ఓడ ఆగదు. 10 నాట్ల వేగంతో 8,000 నాటికల్ మైళ్లు పోగలదు అని లెక్క. అంటే 800 గంటలు, ముప్ఫై మూడు రోజులు ఆగకుండా. పూర్తి బరువు 2,400 టన్నులు దాటుతుంది, స్టాండర్డ్ బరువుకి దానికి తేడా 650 టన్నుల చుట్టూ ఉంటుంది. ఒప్పందపు లెక్కలో స్టాండర్డ్ బరువులో ఇంధనాన్ని కలపరు, కాబట్టి ఆ తేడాలో పెద్ద వాటా నూనెదే. లిస్బన్ నుంచి సూయజ్ మీదుగా గోవాకి ఐదు వేల పైచిలుకు నాటికల్ మైళ్లు. మధ్యలో ఎక్కడా నూనె పట్టకుండా వచ్చేయగలదన్నమాట.

మరి ఏం వదులుకున్నారు? కవచం లేదు, మామూలు ఓడ ఉక్కు రేకులే. ఫిరంగులు ముందు రెండు, వెనక రెండు, ఒకదాని మీదుగా ఇంకొకటి కాల్చేలా అమర్చారు. అమరిక మంచిదే గానీ, అవి మూసిన టరెట్లు కావు, వెనక భాగం తెరిచి ఉన్న షీల్డులు. గుండు చేత్తో ఎత్తి పెట్టాలి. గురి చూడటం కళ్లతో, రేంజ్‌ఫైండర్‌తో. 1934లో ఈ సైజు ఓడల్లో దాదాపు అన్నీ అంతే, ఇదేమీ పిసినారితనం కాదు.

రెండో ప్రశ్న, ఇంగ్లండ్‌లో ఎందుకు? పోర్చుగల్ అసలు కట్టుకోలేదనడం సరికాదు. చిన్న స్లూపులు పెద్రు నూనిష్, జువావ్ ద లిష్బోవ రెండూ లిస్బన్ ఆర్సెనల్‌లోనే తయారయ్యాయి. డిస్ట్రాయర్లలో కొన్నీ లిస్బన్‌లో కట్టినవే. టర్బైన్లతో కూడిన వంద మీటర్ల ఓడకి మాత్రం అనుభవం, సదుపాయాలు చాలలేదు. హాథార్న్ లెస్లీ అప్పటికే వాళ్లకి గొన్సాలు వెల్యు తరగతి చిన్న స్లూపులు రెండు కట్టి ఇచ్చింది. నమ్మకం కుదిరిన యార్డ్‌కే పెద్ద ఆర్డర్ వెళ్లింది.

టైన్ నది ఆ రోజుల్లో ఎలాంటి చోటంటే, ఓడకి కావాల్సిన ముఖ్యమైన పనులన్నీ కొన్ని మైళ్లలో దొరికేవి. హల్ హెబ్బర్న్‌లో కడతారు. అదే కంపెనీ ఇంజిన్ వర్క్స్ నది పైకి న్యూకాసిల్‌లోని సెయింట్ పీటర్స్‌లో. టర్బైన్‌ను ఓడకి పరిచయం చేసిన పార్సన్స్ కంపెనీది అదే నది. ఫిరంగులిచ్చిన వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థకు ఎల్స్‌విక్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. పైగా అది ఆర్థిక మాంద్యం కాలం. హెబ్బర్న్ పక్క ఊరు జారోలో పామర్స్ యార్డ్ మూతపడి ఊరు ఊరంతా పని లేకుండా పోయింది. 1936లో అక్కడి జనం లండన్ దాకా నడిచారు. అలాంటప్పుడు విదేశీ నేవీ ఆర్డర్ అంటే యార్డ్ ఎంత జాగ్రత్తగా చేసి ఉంటుందో ఊహించవచ్చు.

కట్టిన తీరు గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఇది రివెట్ల కాలం, అంటే రేకుల్ని కాల్చిన ఇనుప మేకులతో కలిపే కాలం. ముందు మోల్డ్ లాఫ్ట్ అనే పెద్ద హాలులో నేల మీద ఓడ గీతల్ని అసలు సైజులో గీస్తారు. వాటి నుంచి చెక్క అచ్చులు తీసి, కొలిమిలో కాల్చిన ఫ్రేముల్ని ఆ వంపుకి కొడతారు. స్లిప్‌వే మీద ఓడ వెన్నెముక లాంటి కీల్ పరిచి, ఫ్రేములు నిలబెట్టి, రేకుల్ని ఒకదాని అంచు మీద ఇంకొకటి వేసి రివెట్లు దిగ్గొడతారు. ఒక కుర్రాడు రివెట్‌ని ఎర్రగా కాల్చి విసిరితే, ఇంకొకడు పట్టుకుని కన్నంలో పెడితే, లోపల ఒకడు బరువు ఆనించి పట్టుకుంటే, బయట రివెటర్ దాన్ని అణగ్గొడతాడు. వెల్డింగ్ హల్ కంటే ఇది బరువెక్కువ, ఎందుకంటే రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కానీ ఒక చోట పగులు మొదలైతే రివెట్ల వరస దగ్గర చాలాసార్లు ఆగిపోతుంది. అలాంటి హల్‌తో ఆ ఓడ 27 ఏళ్లు ఉష్ణమండలపు నీళ్లలో తిరిగింది.

దాని జీవితంలో డిజైన్ బలమూ బలహీనతా రెండూ ముందే బయటపడ్డాయి. 1936 సెప్టెంబర్ 8న ఈ ఓడ, డిస్ట్రాయర్ దావ్ నావికులు అప్పటికి దేశాన్ని ఏలుతున్న సలజార్ మీద తిరగబడి లిస్బన్ రేవు దాటబోతే, ఒడ్డున కోటల ఫిరంగులు రెండింటినీ కొట్టి ఆపేశాయి. కవచం లేని ఓడ ఇరుకు నీళ్లలో ఫిరంగులకు దొరికితే ఏమవుతుందో ఆ రోజే తెలిసింది. ఆ నావికుల్లో చాలామందిని కేప్ వెర్డెలోని తరఫాల్ జైలుకి పంపారు. వాళ్ల ధైర్యాన్ని గౌరవంగా తలుచుకోవాలి.

బలం 1942లో కనిపించింది. నవంబర్ 28న బ్రిటిష్ ఓడ నోవా స్కోషియాను దక్షిణాఫ్రికా తీరంలో జర్మన్ సబ్‌మెరైన్ ముంచింది. అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇటలీ బందీలు. ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. పోర్చుగల్ తటస్థ దేశం కాబట్టి కబురందుకుని మొజాంబిక్ నుంచి వెళ్లిన అల్బుకర్క్ దాదాపు 190 మందిని నీళ్లలోంచి పైకి తీసింది. సుమారు రెండొందల మంది సిబ్బంది ఉండే ఓడలోకి ఒక్క రోజులో ఇంచుమించు అంతమంది వచ్చి చేరారు. ఆ నాలుగు మీటర్ల అదనపు వెడల్పు విలువ అలాంటి రోజున తెలుస్తుంది.

ఇక 1961. బేత్వా, బియాస్ రెండూ కూడా సుమారు 103 మీటర్ల పొడవున్న ఓడలే. ఆ రెండూ కూడా టైన్ నది మీద, న్యూకాసిల్‌లోని వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ యార్డ్‌లో పుట్టినవే. గుండు బరువులోనూ పెద్ద తేడా లేదు. మనవాళ్ల 114 మి.మీ. గుండు పాతిక కిలోలు, వాళ్లది దాని కంటే రెండు మూడు కిలోలు తక్కువ. తేడా మిగతా అన్నిటిలో ఉంది. మన ఓడల్లో ఒక్కోదానికి రెండేసి జంట టరెట్లు, రాడార్‌తో గురి, ఒక్కో ఫిరంగి నిమిషానికి పదికి పైగా గుండ్లు. మనవి వేగంలోనూ ముందే, అదీ బయట విశాలమైన నీళ్లలో. అల్బుకర్క్ మర్మగోవా రేవులో లంగరేసి ఉంది. ఓడ పైన గాల్లో పేలిన గుండు ముక్కలకి కమాండర్ కున్య అరగావ్ తీవ్రంగా గాయపడ్డాడు. మూసిన టరెట్లు లేని ఓడలో అలాంటి గుండు పేలితే ఫిరంగి దగ్గర నిలబడ్డవాళ్ల గతి ఏమిటో ఆలోచించండి. అయినా పోర్చుగీస్ లెక్క ప్రకారం వాళ్లు దాదాపు 400 గుండ్లు కాల్చారు. చివరికి బాంబోలిం దగ్గర ఒడ్డుకెక్కించారు. మన నావికుల విజయాన్ని ఇది ఏమాత్రం తగ్గించదు. కొత్త ఓడల్ని సమయానికి సంపాదించి, వాటిని వాడటం నేర్చుకున్న నేవీ గెలిచింది.

మూడో ప్రశ్న, కొత్త ఫిరంగులు. బేత్వా మీదున్న జంట టరెట్ లాంటిది ఒక్కటి 40 టన్నులకు పైనే ఉంటుంది. పాత చేతి ఫిరంగి తీసిన చోట దాన్ని పెట్టాలంటే కింద డెక్‌ని బలపరచాలి, గుండ్లు పైకి తెచ్చే హాయిస్టులు మార్చాలి, టరెట్ తిరగడానికి, రాడార్‌కి సరిపడా కరెంటు కోసం కొత్త జనరేటర్లు పెట్టాలి. 1934లో వేసిన జనరేటర్లు దీపాలకి, ఫ్యాన్లకి, రేడియోకి లెక్కేసినవి. పైన బరువు పెరిగాక నిలకడ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇదంతా చేశాక కూడా కింద ఉండేది పాత బాయిలర్లు, 21 నాట్లు. నాటో సభ్యదేశంగా పోర్చుగల్ 1950ల్లో తన డబ్బుని అట్లాంటిక్‌లో సబ్‌మెరైన్ల వేటకి, బ్రిటన్ నుంచి వాడిన ఫ్రిగేట్లు కొనడానికి పెట్టింది. అల్బుకర్క్‌ని జాబితాలో ఫ్రిగేట్ అని పిలిచి ఊరుకున్నారు. నన్ను ఆ రోజుల్లో సలహా అడిగి ఉంటే నేనూ ఆ హల్ మీద డబ్బు పెట్టొద్దనే చెప్పేవాణ్ని, గోవాకి పంపకుండా శిక్షణ ఓడగా ఉంచమని కూడా చెప్పేవాణ్ని.